ఆస్తిగణకుని అత్యుత్సాహము

కార్యాలయమున కంప్యూటర్లెన్ని, వానిలో మెమరీ యెంత, లైసెన్సు లేని ప్రోగ్రాములేవి యని రేయింబవళ్లు లెక్కించుటకై కొనబడిన ఇన్వెంటరీ సాఫ్ట్‌వేరు, తన్ను స్థాపించిన అడ్మిన్ మహాశయునే గుమ్మము వెలుపల నిలబెట్టుచుండ, ఆ నేరమును సర్వులును ఆయన వ్రేళ్లపై మోపుదురు. “సార్, క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి” అని హెల్ప్‌డెస్క్ కుర్రవాడు సెలవిచ్చి, అకౌంటు అన్‌లాక్ చేసి, టికెట్టు మూసివేయును. టీ చల్లారకమున్నే అది మరల లాక్ అగును. పిమ్మట అనుమానము సెల్‌ఫోనులోని మెయిలు మీదికిని, అచటినుండి విదేశీ హ్యాకర్ల మీదికిని ప్రాకును.

జరిగినదేమనగా, ప్రత్యేక సర్వీసు అకౌంటు కోరవలెనన్న ఫారము నింపవలసి వచ్చునని బద్ధకించి, అడ్మిన్ మహాశయుడు తన సొంత పేరును పాస్‌వర్డును ఆ సాఫ్ట్‌వేరులో భద్రపరచెను. అది 254 చిరునామాల వరుసలో యంత్రమువెంట యంత్రము తలుపు తట్టి, ఆయన పాస్‌వర్డు మార్చుకొన్న పిమ్మటను ఆ పాతదానినే వల్లించును. తప్పులన్నియు డొమైన్ కంట్రోలరు కడ ఒక్క పద్దున జమపడును. 10 తప్పులకు తాళమను నియమమున్నచోట ఒక్క స్కాను చాలును.

అయినను పాస్‌వర్డు మార్చిన మరునాడే ఈ ఉపద్రవము రాదు. పాత పాస్‌వర్డుల చరిత్రను దాచు నియమమున్నచో, వెనుకటి రెండింటిలో దేనిని చెప్పినను విండోస్ డొమైన్ దానిని తప్పుగా లెక్కింపక క్షమించును. కాలనియమముతో పాస్‌వర్డు మార్పింపవలదని అమెరికా ప్రమాణసంస్థ నిస్ట్ 2017లోనే చెప్పినను, 90 దినములకొకమారు మార్చితీరవలెనను మన కార్యాలయములలో, ఆ పొరపాటు నవమాసములు గర్భవాసము చేసి, మూడవ మార్పునాడు భూమిపై పడును. అప్పటికి దాని జన్మకారణము జనకునికే జ్ఞప్తియుండదు.

డొమైన్ కంట్రోలర్లలో పెద్దదైన పీడీసీ ఎమ్యులేటరు తన సెక్యూరిటీ లాగులో 4740 సంఖ్యగల ఈవెంటు క్రింద, తాళము పడుటకు కారణమైన యంత్రము పేరును సాధారణముగ స్పష్టముగనే వ్రాసియుంచును. కాని లాగు చదువుట సమావేశము జరుపుటయంత గౌరవప్రదము కాదు గావున, అయిదు నిమిషములకొకమారు తానే అన్‌లాక్ చేయు స్క్రిప్టు నొకదానిని వ్రాయించి, దానికి ‘ఆటోమేషన్’ అని నామకరణము చేసిరి.

ఇంతకును, ఆ తొమ్మిది నెలలలో పాస్‌వర్డు చెల్లని కడపటి ఆరు నెలలును యంత్రములేవియు లోపలికి రానీయకపోవుటచే, సాఫ్ట్‌వేరు పాత లెక్కలనే పట్టికలుగా ముద్రించుచుండెను. వార్షిక తనిఖీకి వచ్చిన ఆడిటరుగారు ఆ పట్టికలను తిరుగవేసి, ఆస్తివివరములు తాజాగా నున్నవని సంతకము చేసి వెడలిరి.