గ్రీన్‌రూం రసికుడు

విజయవాడ తుమ్మలపల్లివారి కళాక్షేత్రంలో కానివ్వండి, హైదరాబాదు రవీంద్రభారతిలో కానివ్వండి, సంగీత కచేరీ అంటే వేదిక పక్క మెట్లను ఆనుకున్న కుర్చీ ఆయనదే. ముందు వరసకు పాసున్నా అక్కడ కూర్చోడు. అక్కణ్ణుంచి గ్రీన్‌రూం తలుపు కనబడదు మరి.

తని ఆవర్తనం మొదలవగానే సగం సభ కాఫీకి లేస్తుంది. ఆయన లేవడు. అలాగని మృదంగం వింటున్నాడని పొరబడకండి, లోపల మాట్లాడబోయేది మనసులో వల్లె వేసుకుంటుంటాడు. మంగళం పాడుతుండగా లేచిపోవడం మర్యాద కాదని ఆయనకు బాగా తెలుసు. అందుకే అంతకు ముందే లేచి మెట్ల దగ్గర నిలబడతాడు.

లోపల విద్వాంసుడి పరిస్థితి వేరు. నిండు కడుపుతో గొంతు పలకదని మధ్యాహ్నం నుంచి పచ్చి మంచినీళ్ళతో గడిపాడు. లాల్చీ తడిసి వీపుకి అంటుకుపోయింది. రాత్రి బండి అందుకోవాలి. నిర్వాహకులు తెచ్చిన ఇడ్లీ పొట్లం అప్పుడే విప్పాడు.

"అయ్యా, ఇవాళ మీలో మీ గురువుగారు కనిపించారండీ!"

గురువెవరో ఈయనకు తెలియనక్కర్లేదు. గురువు లేని విద్వాంసుడుండడు కాబట్టి ఈ బాణం గురితప్పదు. కళ్ళు చెమర్చి విద్వాంసుడు పొట్లం పక్కన పెట్టాడా, అయిపోయాడే!

"ఒక చిన్న సందేహమండీ..."

సందేహం 'నగుమోము' గురించి. ఆభేరికి శుద్ధ ధైవతమా, చతుశ్రుతి ధైవతమా? ఈ రోజుల్లో చాలామంది పాడేది చతుశ్రుతితోనే. బాలమురళిగారు శుద్ధ ధైవతంతో పాడి వినిపించారు. కొట్టిపారేయాల్సిన ప్రశ్నేమీ కాదు, నాకూ వినాలనే ఉంటుంది. కానీ జవాబెవరికి కావాలి? ప్రశ్న పూర్తికాకముందే కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ, రెండు రకాలుగానూ తనే పాడి చూపిస్తాడు. రెండున్నర గంటలు నోరు కట్టుకుని కూర్చున్న మనిషి! ఇక కచేరీ ఆయనది, శ్రోత విద్వాంసుడు. పైగా ఈ శ్రోతకు మధ్యలో కాఫీకి లేచే వీలు కూడా లేదు.

పక్కవాద్యాల వాళ్ళు ఈయన కంటికి ఆనరు. మృదంగం ఆయన తొప్పికి పెట్టిన రవ్వముద్ద గీకేస్తూ, చేతికంటిన రవ్వను కాస్త ఎక్కువగానే చూపించి కరచాలనం తప్పించుకుంటాడు. చిక్కేది ఫిడేలు ఆయనే. "నాయనా, ఇలా వచ్చి ఒక ఫొటో తీసిపెట్టు" అని చేతిలో ఫోను పెడతాడు. ఒంటి ఫిడేలుతో సభలు నడిపిన ద్వారం వెంకటస్వామినాయుడుగారిని తలచుకుంటే చెంపలు వేసుకునే భక్తుడే ఈయన! తలుపు దగ్గర ఆ ద్వారంవారి వాద్యాన్నే ఒళ్ళో పెట్టుకున్న మనిషి మాత్రం ఫొటో తీసేందుకు పనికొస్తాడు. తీసింది మసగ్గా వస్తే ఇంకోటి.

బయట కారు హారను మోగుతుంది. ఇడ్లీలు ఈపాటికి చల్లారాయి.

"వెళ్ళొస్తానండీ. అన్నట్టు, ఇవాళ మీ పూర్వికల్యాణి... అబ్బ! నలభై నిమిషాలూ ఒళ్ళు తెలియలేదు."

ఆవేళ నలభై నిమిషాలు పాడింది పంతువరాళి. రిషభం, గాంధారం, మధ్యమం రెంటికీ ఒకటే. స్వరాల్లో తేడా ఉన్నదల్లా ధైవతం దగ్గరే. మృదంగం ఆయన గీకడం ఆపాడు. ఫిడేలు ఆయన గోడకేసి తిరిగాడు. విద్వాంసుడు గడియారం చూసుకుని రెండు చేతులూ జోడించాడు. "అంతా మీ అభిమానమండీ."

వరండాలో ఈయన కోసం నలుగురు కాచుకుని ఉన్నారు.

"ఏమన్నారండీ లోపల?"

"ధైవతం విషయంలో గట్టిగా పట్టుకున్నాను. పాపం, పెద్దమనిషి, దణ్ణం పెట్టేశాడు."