బొమ్మ ఉంటే పాట లేదు

నా వీపున రెండు యూఎస్‌బీ పోర్టులున్నాయి. రెండున్నాయి కదా అని నన్ను కొన్నాయన రెండింతల దారి ఉందనుకున్నాడు. ఆయనే కాదు, కరీంనగర్‌లో నా వీపు వైపు తొంగిచూసిన ప్రతివాడూ అలాగే అనుకున్నాడు. లోపల ఆ రెండూ ఒకే కంట్రోలర్‌కు పోతాయి. ఉన్నదల్లా సెకనుకు 12 మెగాబిట్లు. ఒక పోర్టులో ఏదైనా మింగితే రెండోదానికి ఆ మేరకు కోత.

నన్ను బిగించింది 2001లో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ బజారులో. సెలెరాన్ ప్రాసెసర్, ఇంటెల్ 810 బోర్డు, ఆ రోజుల్లో ఘనంగా చెప్పుకునే 128 ఎంబీ ర్యామ్. వడోదరలో పుట్టిన అజయ్ భట్ ఇంటెల్‌లో తన బృందంతో కలిసి నడిపించిన యూఎస్‌బీ ఆలోచన 1996లో మొదటి ప్రమాణంగా వచ్చింది. 1998లో దాన్ని సవరించి 1.1 అన్నారు. నాకున్నది అదే. దానికి నలభై రెట్ల వేగమున్న 2.0 ప్రమాణం నేను పుట్టకముందే, 2000 ఏప్రిల్‌లోనే, కాగితం మీదకు ఎక్కింది. బోర్డుల మీదకు దిగేసరికి 2002 అయింది. అప్పటికి నేను కరీంనగర్ ముకరంపురలో పెళ్లిపత్రికలు కొడుతున్నాను.

ఆ పత్రికల కాలం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ముహూర్తాల నెలల్లో పని, మూఢాల్లో దుమ్ము.

నన్ను కొన్న మా అన్నకు (ఆయన్ను దుకాణంలో అందరూ అన్న అనే పిలిచేవారు, నేనూ అంతే) పాటల పిచ్చి. బతుకమ్మకు ముందు నెల, మేడారం జాతరకు ముందు నెల కరీంనగర్‌లో పాటలు రికార్డు చేయించుకునేవాళ్లకు కొదువ ఉండదు. నా బోర్డు మీదున్న సౌండ్‌లో ఎప్పుడూ సన్నటి గుయ్యిమనే చప్పుడు ఉండేది. హార్డ్‌డిస్క్ తిరిగితే అదీ వినిపించేది. అందుకని ఒక యూఎస్‌బీ ఆడియో కార్డు తెచ్చి నా వీపుకు తగిలించాడు. వెనక గది గోడలకు దుప్పట్లు కట్టాడు. అది స్టూడియో అయింది.

ఆ కార్డుతో నా కాపురం ఎలా సాగేదో చెప్పాలి. నా కాలం మిల్లీసెకన్ల లెక్కన నడుస్తుంది. ఒక్కో మిల్లీసెకనులో 1500 బైట్లు పడతాయి. అందులో తొంభై శాతం, అంటే 1350 వరకే, ముందుగా వంతు కట్టుకునేవాళ్లకు. మిగిలింది ప్రింటర్లకు, పెన్‌డ్రైవ్‌లకు. వాటికి ఆలస్యమైనా నష్టం లేదు, తప్పుగా పోతే మళ్లీ పంపుకుంటాయి. పాటకు ఆ వెసులుబాటు లేదు. కాకతీయ కాలువ కింద వారబందీ చూసిన రైతుకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు: వంతు మీది, ఆ గంటలో మడవ తిప్పకపోతే నీళ్లు దాటిపోతాయి, మళ్లీ రావు. పోయిన బైట్లను మళ్లీ అడగడం ఆడియోకు రాసిపెట్టి లేదు. ఆ ఖాళీయే హెడ్‌ఫోన్లో 'టిక్' అని వినబడేది.

సీడీ నాణ్యత స్టీరియో పాట మిల్లీసెకనుకు 176 బైట్లు, ప్రతి పదో మిల్లీసెకనులో 180. సెకనుకు 44,100 నమూనాలు వెయ్యి భాగాలకు సరిగ్గా తెగవు కాబట్టి ఈ సర్దుబాటు. ఇన్నేళ్లలో దీన్ని మెచ్చుకున్న మనిషిని చూడలేదు, అందుకే నేనే చెప్పుకుంటున్నాను.

ఇంతకీ మొదట్లో ఆ టిక్కులకు నిందలు మోసింది ఎవరనుకున్నారు? పాడే పిల్ల. "మైకుకు దగ్గర నోరు పెట్టకు చెల్లె" అన్నాడు అన్న. తర్వాత మైకు వైరు, ఆ తర్వాత కరెంటు, చివరికి పెన్‌డ్రైవ్. నిజానికి పెన్‌డ్రైవ్ పాట వంతును ముట్టుకోలేదు, ముట్టుకునే హక్కు దానికి లేదు. సమయానికి అందుకోలేకపోయింది నా ప్రాసెసర్. నాలాంటి బోర్డుల్లో కంట్రోలర్ చాలా పనిని ప్రాసెసర్ మీదకే తోస్తుంది. వెనక వైరస్ స్కాన్ నడుస్తుంటే అది సమయానికి ఎలా లేస్తుంది? స్కాన్ ఆపాక పిల్ల గొంతు అద్దంలా వచ్చింది. ఎవరూ ఆమెకు ఆ సంగతి చెప్పలేదు.

పోర్టులు చాలడం లేదని అన్న ఒక హబ్ కొన్నాడు. నాలుగు కొత్త రంధ్రాలు, దారి మాత్రం అదే 12. మౌసు కూడా అందులోకే చేరింది. అది 1.5 మెగాబిట్ల నిదానపు జీవి, ఒక బైటు దాటడానికి ఆడియో బైటుకు ఎనిమిదింతల సమయం తీసుకుంటుంది.

ఒగ్గుకథ బృందం వచ్చినప్పుడు నా బలం ఎంతో తేలింది. ఒగ్గుకథకుడు మిద్దె రాములు ఊరు హన్మాజీపేట వేములవాడ పక్కనే. ఆ వైపు డోలు మోగని ఊరు తక్కువ. కథకుడికి ఒకటి, డోలుకు ఒకటి, తాళాలకు ఒకటి, వంతపాటకు ఒకటి, నాలుగు మైకులు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ మీద ఒక్కో మైకు 144 బైట్లు, నాలుగూ కలిపి 576. వినడానికి వెనక్కి పంపేవి 288. మొత్తం 864. హబ్ పీకేసి, మౌసును పాత గుండ్రటి పోర్టుకు మార్చాక రాత్రంతా ఒక్క టిక్కు లేకుండా మోశాను. పొద్దున అన్నకు ఆశ పుట్టి 96 కిలోహెర్ట్జ్ పెట్టాడు. లెక్క 1728 అయింది. నా మిల్లీసెకనే 1500.

ఇక ఉట్నూరు. దండారి పండుగకు ముందు అన్న స్నేహితుడొకాయన, అక్కడి మాస్టరు, జీపు తెచ్చాడు. ఒక పర్ధాన్ పెద్దాయన కిక్రీ వాయిస్తూ గోండుల వంశగాథ పాడతాడట, అది భద్రం చేయాలట. నన్ను, మానిటర్‌ను దుప్పట్లో చుట్టి తీసుకెళ్లారు. బడి గదిలో పెట్టారు. గాత్రంతో పాటు బొమ్మ కూడా ఉండాలని మాస్టరు ఒక వెబ్‌క్యామ్ తెచ్చాడు. ముందు దాన్ని తెరిచారు. పెద్దాయన తలపాగా, ఒళ్లో మూడు తీగల కిక్రీ తెర మీద చక్కగా కనిపించాయి. రికార్డు నొక్కితే ఆడియో కార్డు తెరుచుకోలేదు. వెబ్‌క్యామ్ మూస్తే కార్డు పలికింది. కార్డు పలికాక వెబ్‌క్యామ్ తెరిస్తే బొమ్మ రాలేదు.

ఈసారి టిక్కుల గొడవ కాదు, వంతు దొరకని గొడవ. మిల్లీసెకనుకు 1023 బైట్ల దాకా ఒక్క పరికరమే కట్టుకోవచ్చు. ఆ వెబ్‌క్యామ్ ఆ అంచునే కూర్చుంది. పాట రానూ పోనూ 360. కలిపితే 1383, హద్దు 1350. ముందొచ్చినవాడిదే వంతు. రెండోవాడికి కొంత తగ్గించి ఇవ్వడం ఉండదు, అసలే ఇవ్వను. సగం పాట మోయడం కన్నా తలుపు వేయడమే మేలని ఆ ప్రమాణం రాసినవాళ్లు అనుకున్నారు, నాకూ అదే సబబనిపిస్తుంది. బొమ్మ చిన్నది చేసుకుంటే ఇద్దరూ పట్టేవారు. ఆ సంగతి గదిలో ఎవరికీ తట్టలేదు. తప్పు కరెంటుదనుకుని జనరేటర్ మార్చారు.

పెద్దాయన చాలాసేపు చూశాడు.

"ఆదిలాబాద్ రేడియోల పాడిన్నాడు నా మొకం ఎవలు జూసిండ్రు మాస్టరూ? పాట వట్టుకోరాదుండ్రి."

1986లో మొదలైన ఆ ఆకాశవాణి కేంద్రం మాట ఆయన తేగానే మాస్టరు వెబ్‌క్యామ్ వైరు పీకాడు. పాట మొత్తం పట్టాను. కిక్రీ కమాను రాపిడి కూడా అందులో ఉంది.

కరీంనగర్‌కు వచ్చాక ఒక పాలిటెక్నిక్ కుర్రాడు నా పీసీఐ స్లాట్‌లో యూఎస్‌బీ 2.0 కార్డు బిగించాడు. "ఇప్పుడు 480 అన్నా" అన్నాడు. ఆడియో కార్డు పాతది, 12 దాటి పరిగెత్తలేదు. అయినా లాభం జరిగింది, వాడు చెప్పిన కారణానికి మాత్రం కాదు. అలాంటి కార్డులో పాత వేగం పరికరాల కోసం వేరే కంట్రోలర్ ఉంటుంది. పాటకు తనదంటూ ఒక 12 దొరికింది, వెబ్‌క్యామ్ నా పాత పోర్టులో ఉండిపోయింది.

ఇప్పుడు పాడేవాళ్లు ఫోన్లలోనే పాడుకుంటున్నారు. నాకు అన్న అప్పగించిన పని పాత క్యాసెట్లను ఎక్కించడం. అరవై నిమిషాల క్యాసెట్ సుమారు 635 ఎంబీ అవుతుంది, సెకనుకు ఒకటిన్నర మెగాబిట్ కూడా అడగదు. ఆడియో పోర్టు మీద అన్న ఒక చీటీ అంటించాడు: 'దీన్ని కదపొద్దు'. పక్క పోర్టులో ఆయన మనవడు ఫోన్ ఛార్జింగ్ పెడతాడు. పెట్టుకోనీ, వాడికి కావలసింది కరెంటు, నా మిల్లీసెకన్లు కాదు.