ఏసీ ఫ్యాను తిరగకపోతే ఏం చేయాలి? (ఫ్యాను చూడటం తప్ప)

మే నెల మధ్యాహ్నం నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర కారు ఆగిందంటే ఏసీ వేడిగాలి కొడుతుంది. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి ఎనభైలో పోతుంటే మళ్లీ చల్లబడుతుంది. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి ఆలోచించేవాడికి జబ్బు అక్కడే తెలిసిపోతుంది. పరుగులో ఎదురుగాలి, ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కు తగులుతోంది. ఆగినప్పుడు ఆ గాలి ఇవ్వాల్సిన ఫ్యాను తిరగట్లేదు. కాబట్టి పక్కపక్కన పెట్టకండి. ‘మన ఎండ అట్లనే ఉంటది’ అనుకోండి. 45 డిగ్రీల ఎండకు రిపేరు ఎవరూ చేయలేరు గనుక, మీకూ ఏ పనీ ఉండదు.

ఇంజన్ స్టార్ట్ చేసి, ఏసీ ఆన్ చేసి, బానెట్ ఎత్తి రెక్కలు తిరుగుతున్నాయో లేదో చూడటానికి నిమిషం చాలు. నిమిషంలో, ఉచితంగా తేలిపోయే పరీక్షను నమ్మడం మన ఇంటా వంటా లేదు. నేరుగా వెళ్లి గ్యాస్ కొట్టించండి.

‘గ్యాస్ తక్కువైంది సారూ’ అనే మాట మహబూబ్‌నగర్‌లో అడిగినా మిర్యాలగూడలో అడిగినా దొరుకుతుంది. గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. గొట్టాల్లోనే తిరిగి తిరిగి వస్తుంటుంది. లీకు ఉంటేనే తగ్గుతుంది. ‘లీకు ఎక్కడుందన్నా?’ అని అడిగితే అనుమానపు మనిషని పేరొస్తుంది, అడక్కండి. ఫ్యాను తిరగని బండికి ప్రెషర్ గేజీ పెడితే, వేడి బయటికి పోయే దారిలేక హై సైడ్ ముల్లు అప్పటికే పైకెక్కి ఉంటుంది. దాని మీద ఇంకాస్త గ్యాస్ ఎక్కిస్తే ప్రెషర్ స్విచ్ భయపడి కంప్రెసర్‌నే ఆపేస్తుంది. నిన్నటిదాకా ఆగినప్పుడు మాత్రమే రాని చల్లదనం ఇప్పుడు నడుస్తున్నప్పుడూ రాదు. ఎక్కువైన గ్యాస్ తీయించండి. నింపినందుకో బిల్లు, తీసినందుకో బిల్లు.

దీనికి తిరకాసు కేసు కూడా ఒకటుంది. గ్యాస్ నిజంగానే మొత్తం పోతే చాలా బండ్లలో కంప్రెసర్ ఆన్ కాదు, దాంతో ఏసీ వేసినా ఫ్యానుకు ఆర్డరు రాదు. పాపం, ఫ్యాను తప్పేమీ ఉండదు. అలాంటప్పుడు మాత్రం ఫ్యాను మోటారు కొత్తది వేయించండి.

ఫ్యూజు బాక్స్ మూత లోపల ఏ ఫ్యూజు దేనిదో బొమ్మ గీసి ఉంటుంది. మూత తీసి జాగ్రత్తగా పక్కన పెట్టి, మర్చిపోండి. ఫ్యూజు కాలిపోయి ఉంటే ‘ఎందుకు కాలింది?’ అని తర్కించకుండా రాగి తీగ పోగు ఒకటి చుట్టండి. ఇక ఆ ఫ్యూజు జన్మలో కాలదు. మోటారు బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగితే వైరింగే కాలుతుంది. ఇరవై రూపాయల ఫ్యూజు చేయాల్సిన త్యాగం వేల రూపాయల హార్నెస్ చేస్తుంది.

రిలే గురించి మీకు చెప్పడం కూడా నాకిష్టం లేదు. ఫ్యాను రిలే, హారన్ రిలే చాలా బండ్లలో ఒకే రకం ఉంటాయి. నంబర్లు సరిచూసి ఒకదాని చోట ఇంకోటి పెడితే, ఫ్యాను తిరిగి హారన్ మూగబోతే, పోయింది రిలేనే. మోటారు ప్లగ్గు దగ్గర టెస్ట్ ల్యాంప్ పెట్టడమూ అంతే. ఏసీ ఆన్‌లో ఉండగా అది వెలిగితే మోటారు పోయినట్టు, వెలగకపోతే కరెంటో ఎర్తో అందనట్టు. ఇలా తేల్చేసుకుంటే హోటల్ దగ్గర చాయ్ తాగుతూ నలుగురం మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది?

మోటారును కర్రతో తట్టండి. నవ్వకండి, ఇది పనిచేస్తుంది. లోపల కార్బన్ బ్రష్షులు అరిగితే ఒక దెబ్బకు మళ్లీ అంటుకుని ఫ్యాను తిరుగుతుంది. బ్రష్షులు చివరికొచ్చాయని అది చెబుతున్న కబురు. మీరు మాత్రం కబురు వినకుండా కర్రను డిక్కీలో దాచుకోండి. తట్టేటప్పుడు మెడలో తువ్వాల వేలాడుతూ ఉండాలి. ఇంజన్ ఆపినా కొన్ని బండ్లలో ఫ్యాను చెప్పకుండా మొదలవుతుంది, తువ్వాల రెక్కల్లో పడితే మోటారు బాగుందని అప్పుడు రుజువవుతుంది.

ఇంతకంటే గొప్ప వైద్యం డైరెక్ట్ కొట్టించడం. బ్యాటరీ నుంచి ఫ్యానుకు తిన్నగా వైరు లాగి, డ్యాష్‌బోర్డు కింద ఇంట్లో బెడ్‌ల్యాంపుకు వాడే స్విచ్చు బిగిస్తారు. రిలే ఉండదు, ఫ్యూజు ఉండదు. పది పదిహేను ఆంపియర్లు ఆ బుల్లి స్విచ్చు గుండా పోతుంటే అది వెచ్చగా తగులుతుంది, చలికాలంలో వేళ్లకు హాయి. రాత్రి ఆపడం మర్చిపోతే పొద్దున సెల్ఫ్ కొట్టదు. తోయడానికి కాలనీవాళ్లను పిలవండి, పరిచయాలు పెరుగుతాయి.

మన దిక్కు పత్తి పండుతుంది కాబట్టి దూదిపోగులు, వరికోతలప్పటి పొట్టు కండెన్సర్ సందుల్లో దుప్పటిలా పేరుకుంటాయి. మెల్లగా కడిగితే పోయేదే. మీరు సర్వీసింగ్ సెంటర్ ప్రెషర్ పైపు దగ్గరగా పెట్టించండి. పల్చని అల్యూమినియం రేకులన్నీ ఒక వైపు పడుకుంటాయి. గాలికి ఇక దారే ఉండదు. రేడియేటర్‌లో కూలెంట్ దండగ, బోరు నీళ్లు పోయండి. ఫ్లోరైడ్‌కు పేరుపడ్డ మన జిల్లా నీళ్లలో ఉప్పులకు కొదవలేదు, లోపల పొలుసు కట్టడానికి అవి చాలు.

నకిరేకల్ నిమ్మ మార్కెట్ దగ్గరే ఉంది కనుక బంపర్‌కు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టండి. ఇంతవరకు చెప్పినవాటిలో హాని లేని చికిత్స ఇదొక్కటే.

ఇప్పుడు శ్రీశైలం బయల్దేరండి. రాత్రి తొమ్మిదికి అడవి గేటు మూస్తారు కాబట్టి మన్ననూరు చెక్‌పోస్టు అంతకుముందే దాటాలి. ఘాట్‌లో రెండో గేరులో, నిండు బండితో, ఏసీ పూర్తిగా పెట్టుకుని ఎక్కండి. ఎదురుగాలి ఉండదు. చాలా చిన్నకార్లలో రేడియేటర్‌కూ కండెన్సర్‌కూ ఫ్యాను ఒకటే. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా వెళ్తే దాని మీద దేవుడి ఫొటో అంటించండి. ఆవిరి లేస్తే వెంటనే రేడియేటర్ మూత వట్టిచేత్తో తిప్పండి. లోపల ఒత్తిడికి వంద డిగ్రీలు దాటినా మరగకుండా కూర్చున్న నీళ్లు ముఖం మీదికొస్తాయి. అల్యూమినియం హెడ్డు అప్పటికే వంగి ఉంటే హెడ్ గాస్కెట్ పని ఎలాగూ పడింది, ఫ్యాను సంగతి ఎవరికీ గుర్తుండదు.

చివరికి బండి అమ్మాలనిపిస్తే డిసెంబరులో, పొద్దున ఏడింటికి చూపించండి. బైపాస్ మీద ఎనభైలో తిప్పండి, ఎక్కడా ఆపకండి. కొనేవాడు ‘ఒక్క నిమిషం పక్కకు ఆపి బానెట్ ఎత్తుదామన్నా’ అన్నాడంటే వాడు మెకానిక్ దగ్గర పనిచేసినవాడే. అడిగినంత తగ్గించి ఇచ్చేయండి.