ద్రోణుడు అడగని బొటనవేలు

హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్ల అడ్డా అశోక్ నగర్‌లో అద్దె గది కోసం వెళ్లినవాణ్ని ఓనర్లు రెండే ప్రశ్నలు అడుగుతారు. ఏ ఊరు? ఏ గ్రూపు? రక్తం గ్రూపు అనుకుని ‘ఓ పాజిటివ్’ అన్న అమాయకుడికి గది దొరకదు. గ్రూప్-1 అన్నవాడికి మాత్రం తాళంచెవి చేతిలో పెట్టేస్తారు. ఆ అద్దె ఇప్పట్లో ఆగేది కాదని వాళ్లకు తెలుసు.

ఓనర్ల నమ్మకం ఊరికే కుదిరింది కాదు. రాష్ట్రం వచ్చిన ఎనిమిదేళ్లకు, 2022 ఏప్రిల్ 26న, తెలంగాణ తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 503 పోస్టులతో వెలువడింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ జరిగింది. ఆ రోజు అభ్యర్థుల వేలిముద్రలు కూడా తీసుకున్నారు. 2023 మార్చిలో తేలిందేమిటంటే, పబ్లిక్ సర్వీస్ కమిషన్ రహస్య విభాగంలోని కంప్యూటర్ నుంచి ప్రశ్నపత్రాలు ముందే బయటికి నడిచి వెళ్లిపోయాయి. లక్షల వేళ్లు భద్రంగా ఉన్నాయి, పోయింది పేపరే. పరీక్ష రద్దు చేశారు.

జూన్ 11న మళ్లీ పెట్టారు. ఈసారి వేలిముద్రలే తీసుకోలేదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. ఇక్కడ దొంగలు పడ్డాక ఉన్న కుక్కను కూడా పంపించేశారు.

సెప్టెంబర్ 23న హైకోర్టు సింగిల్ బెంచ్ ఆ పరీక్షను కూడా కొట్టేసింది. నాలుగు రోజుల తర్వాత డివిజన్ బెంచ్ అదే ఖాయం చేసింది. కారణాల్లో ముఖ్యమైనది బయోమెట్రిక్ లేకపోవడం. ఇంకోటి లెక్క: పరీక్ష రోజున 2,33,248 మంది రాశారన్నారు, తర్వాత 2,33,506 అన్నారు. తేడా 258. ఎవరు రాశారో సరే, ఎందరు రాశారో కూడా మాటకు మాట తేడా వస్తే, పర్సంటేజీ లెక్కల్లో అర మార్కు పోగొట్టుకున్న కుర్రాడు ఏ గోడకు తల బాదుకోవాలి? అశోక్ నగర్‌లో గోడలకు కొదవ లేదు గానీ, అన్నిటి మీదా కోచింగ్ పోస్టర్లున్నాయి.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ బయట చాయ్ తాగుతూ ఒక తమ్ముడు అన్నమాట: “ఏలు పెట్టుమంటే కాలు గూడ పెడ్తుంటిమన్నా. అడిగినోడే లేడు.” ద్రోణుడు అడిగాడని ఏకలవ్యుడు బొటనవేలు కోసిచ్చి విద్య పోగొట్టుకున్నాడు. మనవాళ్లు పదివేళ్లూ చాపి నిలబడితే, ద్రోణుడే అడగడం మరిచిపోయి పరీక్ష పోగొట్టాడు.

అసలు ఆ వేలు ఎందుకంటే, అద్దం పలక మీద వేలు పెట్టగానే ఆ యంత్రం మన ముఖాన్నీ చదువునీ చూడదు. వేలి మీది గీతలు ఎక్కడ ఆగాయో, ఎక్కడ రెండుగా చీలాయో గుర్తుపెట్టుకుని వాటిని అంకెలుగా దాచుకుంటుంది. ప్రిలిమ్స్‌లో దాచినదాన్ని మెయిన్స్‌లో, ఆ తర్వాత సర్టిఫికెట్ల పరిశీలనలో పోల్చుకుంటే, మొదట రాసినవాడూ చివర ఉద్యోగం తీసుకునేవాడూ ఒకడేనని తేలుతుంది. మొదటి ముద్రే లేకపోతే తర్వాత ఎన్ని ముద్రలు తీసినా పోల్చడానికి ఏముంది? హాల్‌టికెట్ మీది ఫొటో చూసి ఇన్విజిలేటర్ గుర్తుపట్టాలి. ఆ ఫొటోలో మనల్ని కన్నతల్లి కూడా గుర్తుపట్టదు.

కన్నతల్లి అంటే గుర్తొచ్చింది. జగిత్యాల వైపు బీడీలు చుట్టే తల్లికి నెలకు మనిషికి 6 కిలోల రేషన్ బియ్యం కావాలంటే బొటనవేలు పెట్టాల్సిందే. ఏళ్ల తరబడి ఆకు తిప్పీ తిప్పీ గీతలు అరిగిపోయాయి. మిషన్ తీసుకోదు. “తలకు రాసుకొని పెట్టవ్వా” అంటాడు డీలర్. నూనె తలకు వేలు రుద్దుకుని మళ్లీ పెడుతుంది. తీసుకోదు. చీర కొంగుతో తుడిచి ఇంకోవేలు పెడుతుంది. ఆమె అదే వేళ్లతో సంపాదించి పంపిన డబ్బుతో కొడుకు అశోక్ నగర్‌లో చదువుతున్నాడు. 6 కిలోల బియ్యానికి ఆమెను ఇంతగా అనుమానించిన రాజ్యం, డిప్యూటీ కలెక్టర్, డీఎస్పీ కుర్చీల దగ్గర కొడుకును ఎంత గట్టిగా నమ్మిందో చూడండి. కడుపు నిండిపోయింది.

వేలిముద్ర పెడితే అంతా సవ్యమేనని కాదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఓ సిమ్‌కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల మీది వేలిముద్రలు తీసుకుని, రబ్బరు స్టాంపుల్లా తయారుచేసి, వేల సిమ్‌లు చలామణీలో పెట్టాడు. అదంతా సిమ్‌ల అమ్మకాల టార్గెట్ కోసమే. 2022లో ఘట్‌కేసర్‌లో పోలీసులు పట్టుకున్నవాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. కువైట్ తిప్పి పంపినవాళ్లు మళ్లీ వెళ్లడానికి వీలుగా, వేలికొనలు కోసి లోపలి కండ కొంత తీసి కుట్టేసేవారు. మనిషికి 25 వేలు. ఇంత నైపుణ్యం ఉన్న దేశంలో ప్రభుత్వ ఆసుపత్రికి సర్జన్లు దొరకరంటే నమ్మలేం.

మంచి కూడా చెప్పుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీకి వేలిముద్రల స్మార్ట్‌కార్డులు ఇచ్చినప్పుడు, 8 జిల్లాల్లో 157 మండలాలను పరిశీలించిన కార్తీక్ మురళీధరన్ బృందం కూలి డబ్బు త్వరగా అందిందనీ, మధ్యలో మింగేది తగ్గిందనీ తేల్చింది. అంటే యంత్రం పనిచేస్తుంది, దాన్ని ఎవరి ముందు పెట్టామన్నదే పేచీ. పేదవాడి ముందైతే ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పెద్ద ఆఫీసు గది గుమ్మంలో మాత్రం దానికి నెట్‌వర్క్ దొరకదు.

2024 ఫిబ్రవరి 19న పాత నోటిఫికేషన్ రద్దుచేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్ 9న ప్రిలిమ్స్. ఈసారి భయం ఎంత పట్టుకుందంటే, వేలిముద్ర సరిగా పడాలి కాబట్టి చేతులకు మెహందీ వద్దు, టాటూలు వద్దు, షూ వద్దు చెప్పులే వేసుకోండి, పదింటికి గేటు మూసేస్తాం అన్నారు. పెళ్లి ముహూర్తాలు చూసే పురోహితులు ఇకమీదట పంచాంగంతోపాటు పరీక్షల తేదీలు కూడా దగ్గర పెట్టుకోవాలి. గోరింటాకు పండితే మొగుడు మంచివాడొస్తాడంటారు గానీ, ఉద్యోగం రాదని కమిషన్ తేల్చేసింది.

నాదొక చిన్న మనవి. ఆ వేలిముద్ర యంత్రాల్లో ఒకటి రహస్య విభాగం కంప్యూటర్ పక్కన పెట్టండి. ఇంకోటి, ఎంతమంది రాశారో లెక్కచెప్పే బల్ల మీద. మూడోది జాబ్ క్యాలెండర్ ప్రకటించే మైకు కింద: తేదీ చెప్పినవారు వేలు పెట్టాలి, ఆ తేదీన అదే వేలు మళ్లీ కనపడాలి. సరిపోలకపోతే యంత్రం మూడుసార్లు అవకాశమిస్తుంది. అశోక్ నగర్ ఇప్పటికే అంతకన్నా ఎక్కువ ఇచ్చింది.