పరుల పితామహులు

హైదరాబాదున ఆదివారమునాడు ఆబిడ్సు వీథిప్రక్కన పాతపుస్తకములు పరచి అమ్మువారికడ, చిరిగిన నిఘంటువునకును అట్టలేని ఇంజనీరింగు గ్రంథమునకును నడుమ, నల్లకాగితముల ఫొటో ఆల్బమొకటి నా కంటబడినది. విప్పిచూడగా కోరమీసముల పెద్దలు, నిలువెల్ల నగలు దాల్చిన ముత్తైదువలు, మొలత్రాడే సర్వాభరణముగాగల శిశువులు! పరుల తాతలను బేరమాడి కొనుట ధర్మమా యని నేను విచారించుచుండగనే అమ్మువాడు ధర తగ్గించెను, ధర్మసందేహము తీరిపోయినది.

పిదప వారి సంతతిని వెదకుట. ఒక పటము వెనుక ఇంటిపేరును, అమలాపురము తాలూకాలోని యొక గ్రామనామమును, "ప్రభవ సంవత్సరము" అనియు వ్రాసియుండెను. మన పూర్వులు సంవత్సరమునకు పేరుపెట్టి అంకె వేయక ఊరకుండుటచేత, అరువదేండ్ల కొకమారు అదే పేరు మరల వచ్చి, పాపము చరిత్రకారుని 1867కును 1927కును నడుమ వ్రేలాడదీయును. అదృష్టవశమున ఆ పటములోని గోడపై ఐదవ జార్జి చక్రవర్తి కొలువుదీరియుండెను. 1865లో జన్మించిన ఆ ప్రభువునకు 1867 నాటికి అంతటి గడ్డము వచ్చియుండదు గనుక కాలనిర్ణయమైనది. ఫొటోకై ఊపిరి బిగబట్టి నిలువవలసిన తొలినాళ్ళు అప్పటికే గడచిపోయినను, కుటుంబమంతయు మునసబు కోర్టులో తీర్పు వినుచున్న ప్రతివాదులవలె నిలిచియున్నది. ఫొటోలో నవ్వుట మర్యాద కాదని కొందరందురు. ఖర్చు జ్ఞప్తికి వచ్చియుండునని నా యూహ.

ఆ యూరి యర్చకులు ఇంటిపేరు వినినంతనే రెండిండ్లు చూపి, అన్నదమ్ముల సంతానమే యైనను వారికి మాటలు లేవని హెచ్చరించిరి. నేను ఉభయులను దేవాలయ మండపమున సమావేశపరచితిని. పూర్వులను చూచి వారి కన్నులు చెమర్చునని తలచి, అదనముగా జేబురుమాలొకటి తీసికొనిపోయితిని గూడ. కాని వారి చూపులు ముఖములదాక పోలేదు; కంఠములకడనే యాగినవి.

"కాసులపేరన్నదే లేదని మీ నాన్న దీపమార్పి ప్రమాణం చేశాడు కదయ్యా! మరి ఇదేమిటి?" అనెను పెద్దింటి కోడలు.

"వడ్డాణం మాటేమిటి మరి? అది మీ ఇంట్లో కరగలేదూ?" అనెను చిన్నింటి పెద్దమనిషి.

భూతద్దము వచ్చెను. కాసులు లెక్కింపబడెను. మడతలో మరుగుపడిన కాసులను గూర్చి వేరొక వివాదము పుట్టెను. శాంతికాముకుడనై నేను, ఫొటో తీయించుకొనునపుడు ఇరుగుపొరుగువారి నగలు అడిగి తెచ్చి పెట్టుకొనుట ఆ కాలమున కలదనియు, ఇవియు అట్టివే కావచ్చుననియు మనవి చేసితిని.

"మా మామ్మకి అరువు నగలా?" అని ఆయన లేచి నిలువబడెను.

"ఆవిడే ఊరందరికీ అరువిచ్చేదండీ!" అని ఆమె.

"బాగా చెప్పావు వదినా!"

వదినగారును మరదియు ఆ విధముగా ఏకమై పుటలు త్రిప్పుచు, పటము లేక నాలుగు మూలలు మాత్రము మిగిలిన పుటయొకటి కనుగొనిరి. అసలైన నగలన్నియు ఆ పోయిన పటముననే యుండెనని తత్‌క్షణమే ఏకగ్రీవముగా తీర్మానించి, అది మా యింట ఎక్కడనైన జారిపడినదేమో వెదకవలసినదిగా నన్ను సగౌరవముగా కోరిరి. ఇప్పటికిని ఉత్తరములు వచ్చుచున్నవి, ఒకే కవరులో, ఇరువురి చేవ్రాళ్ళతో.