సర్వరు కాపలాకు తలకిందుల సలహాలు

ఈ సలహాలు మీ టీమ్ లీడరుకి చెబితే "ఏటి, మతి పోయిందా?" అంటారు. అయినా నేను నమ్మే చెబుతున్నాను. రామతీర్థంలోనో నెల్లిమర్లలోనో ఇంటి దగ్గర కూర్చుని, ఎక్కడో ఉన్న వర్చువల్ సర్వర్లకు రాత్రి కాపలా కాసే పిల్లల నిద్ర గురించి నాకు బెంగ.

ముందు సగం అలర్టులు పీకేయండి. గత నెలలో వచ్చినవన్నీ ఓ కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన "ఇది మోగాక నేనేం చేశాను?" అని రాసుకోండి. "చూసి ఊరుకున్నాను" అన్న జవాబు వచ్చినవన్నీ తీసేయాల్సినవే. ఊరికే మోగే ఫోనుకి అలవాటుపడ్డ చెయ్యి, నిజంగా మోగిన రోజు కూడా సైలెంట్ బటన్ మీదకే పోతుంది.

సీపీయూ 90 శాతం దాటిందా, పడుకోండి. రాత్రి బ్యాకప్ నడిచేటప్పుడు సీపీయూ నిండుగా పనిచేయాలి, డబ్బు కట్టింది అందుకే. మీరు చూడాల్సిన అంకె స్టీల్ టైమ్. ఒకే యంత్రాన్ని పంచుకునే పక్క సర్వర్లు మన వంతు సమయం లాగేసుకుంటే అది పెరుగుతుంది. అప్పుడు మన సీపీయూ వాడకం తక్కువే కనిపిస్తుంది, సైటు మాత్రం ఈడ్చుకుంటూ నడుస్తుంది. అమెజాన్ టీ3 మైక్రో లాంటి చిన్న సర్వరుకి ఒక్కో వీసీపీయూకి బేస్‌లైన్ 10 శాతమే. అంతకు మించి వాడితే, తక్కువ వాడినప్పుడు దాచుకున్న క్రెడిట్లు కరిగిపోతాయి. అవి అయిపోయాక సెట్టింగును బట్టి వేగమైనా పడిపోతుంది, బిల్లయినా పెరుగుతుంది. సీపీయూకి 90 శాతం దగ్గర గీసిన గీత ఈ రెండింటినీ పట్టుకోలేదు.

డిస్కుకి శాతం పెట్టకండి, గడువు పెట్టండి. 2 టెరాబైట్ల డిస్కు 90 శాతం నిండినా ఇంకా 200 జీబీ ఖాళీ. 10 జీబీ డిస్కులో మిగిలేది 1 జీబీ. ఇప్పుడు నిండుతున్న వేగంతో నాలుగు గంటల్లో అయిపోతుందనుకుంటే మనిషిని లేపండి. నాలుగు రోజులు పడుతుందంటే పొద్దున్న చూసుకోవచ్చు.

సగటును అసలు నమ్మకండి. 99 మందికి 100 మిల్లీసెకన్లలో పేజీ తెరుచుకుని, ఒక్కరికి 10 సెకన్లు పట్టిందనుకోండి. సగటు 199 మిల్లీసెకన్లే! ఆ ఒక్కరి అవస్థ సగటు గ్రాఫులో కనపడదు. ఎలా కొలుస్తున్నామన్నదే కాదు, ఎక్కడ కొలుస్తున్నామన్నదీ ముఖ్యమే. దాని మీద ప్రాణాలు ఆధారపడి ఉంటాయని మన ప్రాంతానికి ఒకరు చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన కమిటీ చెప్పినదాని ప్రకారం, ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది. మధ్యలో, పైన ఎంత వేడెక్కిందో చెప్పే సాధనమే లేదు. సైరన్ మోగించడానికి 36 చోట్ల వీలుండి కూడా అది మోగలేదు. అందుకే అంటాను, పెద్ద అలారం నొక్కే అధికారం మీ జట్టులో నిన్న చేరిన కుర్రాడికి కూడా ఇవ్వండి. తొందరపడి నొక్కాడని వాణ్ణి ఎవరూ తిట్టకూడదు.

రద్దీ పెరిగితే కంగారుపడకండి, తగ్గితే పడండి. శ్రీరామనవమికి, శివరాత్రికి రామతీర్థం గుడికి వచ్చే జనం మామూలు మంగళవారం రారు. సైటు రద్దీకీ ఏడాదంతా ఒకే గీత పెట్టుకుంటే పండగనాడు అది ఊరికే మోగుతుంది. అదే పండగనాడు సర్వరుకి వచ్చే అభ్యర్థనలు మంగళవారమంతే ఉంటే, మధ్యలో ఎక్కడో దారి తెగిందన్నమాట. సీపీయూ చల్లగా ఉంటుంది, ఎర్రర్లు సున్నా, గ్రాఫులన్నీ పచ్చగా ఉంటాయి. నాకు అన్నిటికన్నా భయం ఈ పచ్చదనమంటేనే.

ఇలాంటి మౌనానికి రేవుల్లో ఏకంగా ఒక నంబరే ఉంది. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఎగరేసే తుపాను సూచికలకు 1 నుంచి 11 దాకా నంబర్లున్నాయి. 8, 9, 10 మహా ప్రమాదానివి. వాటికీ పైన ఉన్న 11కి గాలి వేగంతో పని లేదు. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయనీ, ప్రమాదం ఉందని స్థానిక అధికారి భావిస్తున్నారనీ అది చెబుతుంది. ఆ సూచికలు పెట్టినవాళ్లు కబురు అందకపోవడాన్నే పెద్ద కబురుగా లెక్కేశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు, ఫోన్లు రెండూ పోయాయి. సర్వరునీ, దాని కాపలానీ ఒకేచోట పెట్టుకున్నవాళ్లకి అలాంటి రోజున ఒక్క అలర్టు కూడా రాదు.

కాబట్టి కాపలా సర్వరుని వేరే ఊళ్లో, వేరే కంపెనీ దగ్గర పెట్టండి. "బతికే ఉన్నాను" అని అది నిమిషానికోసారి బయటికి కబురు పంపాలి, ఆ కబురు ఆగితే ఫోను మోగాలి. రేపు పగలు జట్టుకి చెప్పి దాన్ని ఒకసారి ఆపి చూడండి. ఐదు నిమిషాల్లో ఎవరి ఫోనూ మోగకపోతే మిగతా అలర్టులన్నీ పక్కన పెట్టి ముందు ఆ ఒక్కటీ సరిచేయండి.