గృహస్థాశ్రమమున శబ్దశక్తి

మన ఆలంకారికులు శబ్దమునకు మూడు శక్తులు కలవని నిర్ణయించిరి. ఉన్నమాటకు ఉన్న అర్థమునే చెప్పునది అభిధ. ఆ అర్థము పొసగనప్పుడు దాని పొరుగుననున్న మరియొక అర్థమును పట్టుకొనునది లక్షణ. ఈ రెండును తమ పని ముగించి విశ్రమించిన పిదప సహృదయుని మనస్సులో మెల్లగా మేల్కొనునది వ్యంజన. తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీరదేశీయుడగు ఆనందవర్ధనుడు ఈ మూడవదానిని ఆధారముగ గొని, కావ్యమునకు ధ్వనియే ఆత్మ యని ‘ధ్వన్యాలోకము’న సిద్ధాంతము చేసెను. ఇంతటి మహానుభావులు ఉదాహరణములకై గంగాతీరమునకును, అభిసారికల సంకేతస్థలములకును పోయిరి గాని, తమ వంటయింటి గడప కడ ఒక్క గడియ నిలిచి చెవియొగ్గినవారు కారు. నిలిచియుండినచో, అభిధ యనునది కుటుంబములో ఎంత నిరుపయోగమైన వస్తువో, కేవలము దానినే నమ్ముకొన్న గృహస్థునకు పూటకు పట్టెడన్నము పుట్టుట ఎంత దుర్లభమో గ్రహించి, శాస్త్రమును మరియొక విధముగ వ్రాసియుందురు.

మమ్మటుడు ‘కావ్యప్రకాశము’న “సూర్యుడస్తమించెను” అను చిన్న వాక్యము నొకదానిని తీసికొని, వినువారినిబట్టి దాని వ్యంగ్యార్థ మెన్ని రూపులు ధరించునో చూపెను. అది సేనాని చెవిని బడినచో శత్రువును ముట్టడింప అదననియు, అభిసారిక వినినచో బయలుదేరు వేళయైనదనియు, గోపాలుడు వినినచో ఆవులను తోలుకొని పోవలెననియు, వర్తకుడు వినినచో అంగడి సర్దుకొనవలెననియు అర్థమగునట. మా యింట సూర్యాస్తమయమును గూర్చి ప్రసంగించు వారెవరును లేరు. కాని నా భార్య, ఎవరినీ ఉద్దేశింపక, వంటయింటి కప్పుతో చెప్పుచున్నట్లు “కందిపప్పు నిండుకుంది” అని పలికినదనుకొనుడు. చేతిలోని పత్రిక మడిచి సంచి వెదకుకొమ్మని నాకు వినబడును. ఆ సంచి చివరకు తన చేతికే వచ్చునని యెరిగిన మా పెద్దవాడు తక్షణము పుస్తకము తెరచి, పరీక్షలనాడైనను లేని ఏకాగ్రతతో బిగ్గరగా చదువ నారంభించును. సావడిలో వత్తులు చేసికొనుచున్న మా అమ్మకు “నెల తిరక్కుండానే?” అను ప్రశ్న స్ఫురించి, అది దగ్గు రూపమున వెలువడును, ఆ దగ్గునకు ప్రత్యుత్తరముగ లోపల గరిటె ఒకటి గిన్నెపై కొంచెము గట్టిగ తగులును. చుట్టపుచూపుగ వచ్చిన బంధువునకు సాయంకాలపు బస్సు జ్ఞప్తికి వచ్చును. గోడ కావలనున్న పిన్నిగారు, అడుగకయే, “మా ఇంట్లోనూ నిండుకుందమ్మాయ్, రేపు తెప్పించాలి” అని కేకవేయును. ఇన్ని యర్థములలో, డబ్బాలో పప్పు లేదను అర్థము మాత్రము ఎవరికిని అక్కరలేదు.

డబ్బా అడుగు కనబడినప్పుడు నిండుకొన్నదనుట విపరీతలక్షణ కాక మరేమి? మన యిండ్లలో దీపము ఆరదు, కొండెక్కును. ఊరికి పోవువాడు ‘వెళ్తా’ననడు, ‘వెళ్ళొస్తా’ననును, బాకీదారుడు ఏ భావముతో పలికినను, అప్పులవాడు మాత్రము ఆ మాటను అక్షరాల నిలబెట్టుకొనును. గడప దాటుచున్నవానిని ఎక్కడికని అడుగరాదు, ‘దూరమా?’ అని అడుగవలెను. ఈ జాగ్రత్తలన్నిటికి కారణము ఇంటి చుట్టును తిరుగు తథాస్తు దేవతలు. నా వివేచనలో తేలినదేమనగా, ఆ దేవతలు అభిధ నొక్కదానిని మాత్రమే చదివిరి. “నీ అసాధ్యం కూల!” అని మనుమని బుగ్గలు నొక్కి మెటికలు విరుచు అమ్మమ్మ యొక్క వాత్సల్యము వారికి బోధపడునను నమ్మకము లేదు, కావుననే సంధ్యవేళ అట్టి ముద్దులు కూడ కొంత తగ్గించుకొనుట మంచిదని పెద్దలందురు.

దేవతల తరువాత అభిధను అంత గాఢముగ విశ్వసించువారు దూరపు చుట్టములు. “అప్పుడే ప్రయాణమా? ఇంకో రెండు రోజులుండి వెళ్ళకూడదూ?” అని మనము వీధి గుమ్మము కడ, బండివాడు తొందరపడుచుండగా, మర్యాదకై పలికెదము. సహృదయుడైన చుట్టము దాని కానందించి బండి యెక్కును. అభిధావాది యైనవాడు “అవును సుమా, రేపు మంగళవారం కూడానూ” అని ఉత్తరీయమును మరల కొయ్యకు తగిలించును.

ఇక పేరుల సంగతి. మా తల్లుల తరమువారు భర్త పేరు నోట పలుకరు. పలికినచో ఆయనకు ఆయుఃక్షీణమని భయము. నూతన దంపతులు గడప దాటు వేళ ఆడుబిడ్డలు అడ్డు నిలిచి, పేరు చెప్పినగాని లోనికి రానీయమని పట్టుపట్టి చెప్పించుకొనినదే మొదలు, అదియే తుద. ఆపైన ఆ పేరుగల దేవుడు కోవెలలో నున్నను ఆమెకు ‘ఆయన పేరుగల స్వామి’యే. జనాభా లెక్కల గుమాస్తా వచ్చి యజమాని పేరడిగినచో పిల్లవానిని పిలిచి “చెప్పరా” అనును. ఉత్తరదేశపు స్త్రీలు మరియొక మెట్టు పైనున్నవారు. 1951-52 సంవత్సరములలో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలకు ఓటర్ల జాబితాలు సిద్ధపరచునప్పుడు, ముఖ్యముగ ఆ ప్రాంతములలో, ఎందరో స్త్రీలు తమ పేరు పరాయివానికి చెప్ప నిరాకరించి, ఫలానివాని భార్యననియు, ఫలానివాని తల్లిననియు మాత్రమే వ్రాయించుకొనిరి. తత్కారణమున దాదాపు 28 లక్షల పద్దులు జాబితాలనుండి తొలగింపబడినవి. వారి సంప్రదాయమును మన సంప్రదాయమును ఒక్క యింట సంగమించినచో గుమాస్తా తెల్లకాగితముతోనే తిరిగి పోవలసివచ్చును.

పేరు లేనిచోట ‘ఏమండీ’ నిలిచినది. కంఠస్వర భేదమునకు శాస్త్రమున కాకువని పేరు. సంస్కృతమున హ్రస్వదీర్ఘములకు పైన, దూరమునుండి పిలుచుటకై, మూడు మాత్రల ప్లుతము కూడ కలదు. మా యింటి ‘ఏమండీ’లోని ఈకారము ఒక మాత్ర పలికినచో కాఫీ సిద్ధముగ నున్నది, రెండు మాత్రలైనచో డబ్బు కావలసియున్నది, ప్లుతమైనచో వీధిలో నావైపు బంధువులు జట్కా దిగుచున్నారు.

వేదము ప్రభువువలె ఆజ్ఞాపించును, పురాణము మిత్రునివలె నచ్చజెప్పును, కావ్యము కాంతవలె మృదువుగ మనసు కరగించి దారికి తెచ్చునని చెప్పుదురు. ఈ విభాగము చదివినప్పుడెల్ల ఆ శాస్త్రకారుల గృహజీవితమును గూర్చి నాకు సందేహము కలుగుచుండును. నేను పడకకుర్చీ యొకటి కొనదలచి సలహా యడిగినప్పుడు నా భార్య “మీ ఇష్టం” అనెను. అభిధచేత అది సంపూర్ణ స్వాతంత్ర్య ప్రదానము. నిఘంటువును నమ్మినవాడు తిన్నగ అంగడికి పోయి, కుర్చీ తెచ్చుకొని, అందులో సుఖముగ కూర్చుండు ముహూర్తము దొరకక జీవితశేషమంతయు నిలువబడియుండును. నేను వ్యంజన నెరిగినవాడను గనుక బల్లమీదనే కూర్చుండుచున్నాను. కాంత నోట వెలువడిన రాజశాసనమును ఏ తరగతిలో చేర్చవలెనో ఏ గ్రంథమునను కానరాదు.

పలికిన మాటకంటె పలుకని మాట బలవత్తరము. మా బంధువులలో నొక పెద్దమనిషి తన బావమరది యింట పెండ్లికి పోయెను. పంక్తిలో ప్రతి విస్తరి ముందును ఆగి, “సావకాశంగా భోంచేయాలి” అని ఒక్కొక్కరిని పలుకరించుచు వచ్చుచున్న ఆ బావమరది, సరిగా ఈయన ముందునకు వచ్చు క్షణమున, నేయి చాలలేదని యెవరో కేకవేయగా అటు పరుగెత్తెను. పులిహోర, బూరెలు, గుమ్మడికాయ దప్పళము అన్నియు ఈయన విస్తరిలో పడినవి. పడనిది ఒక్క మాట. దానితో రెండు కుటుంబములకును మాటలు లేకుండ పోయినవి. పెద్దలు రాయబారములు నడపిరి. ఉత్తరములు పోయినవి, విప్పబడకయే తిరిగి వచ్చినవి. ఏండ్లు గడచిన పిమ్మట ఇంకొకరి పెండ్లిలో, ఆ బావమరది తన ప్రక్కనున్న ఖాళీ విస్తరిని చూచి, ఎదుట తచ్చాడుచున్న ఈయనను చూచి, “రా బావా, విస్తరి వేశారు” అనెను. ఈయన వచ్చి కూర్చుండెను. సంజాయిషీలు లేవు, క్షమాపణలు లేవు. ఇద్దరును కలిసి సాంబారులో ఉప్పు తక్కువైనదని పెండ్లివారిని నిందించిరి. ఆ ‘బావా’ అనునది అలవాటుచొప్పున నోటివెంట జారినదే గాని తాను తగ్గలేదని బావమరది నేటికిని బుకాయించును.

తెలుగువారి సర్వనామములు సామాన్యమైనవి కావు. ‘మేము’ వినువానిని వెలుపల నుంచును; ‘మనము’ లోనికి తీసికొనును. ఇంగ్లీషువారికి రెండింటికిని ఒకటే మాట గనుక వారి యిండ్లలో ఎవరు లోపలనున్నారో ఎవరు వెలుపలనున్నారో వ్యాకరణము చెప్పజాలదు. మన యింట కొత్తకోడలు “మా ఇంట్లో పులుసులో బెల్లం వేస్తారండీ” అనును. ఆ ‘మా’ పుట్టినిల్లు. “మా ఇంట్లో వెయ్యం” అని అత్తగారనును. ఆ ‘మా’లో కోడలు లేదు. రెండు ‘మా’ల నడుమ, ఏ సర్వనామమునకును చెందక, పులుసు ఎట్లున్నను బాగున్నదనుచు భర్త భోజనము ముగించును. ఇట్లుండగా ఒకనాడు కూరగాయల బండి కడ నా భార్య “మన పెరట్లో చెట్టుండగా కరివేపాకు కొనడమెందుకత్తయ్యా?” అనెను. పురోహితుడు జీలకర్ర బెల్లము పెట్టించినది ఏ లగ్నమున నైనను, వ్యాకరణరీత్యా వివాహము జరిగినది ఆనాడే. మా అమ్మ ఏమియు అనలేదు గాని, సాయంకాలమునకు బీరువా తాళపుచెవులు కోడలి కొంగున కనబడినవి.

విశ్వవిద్యాలయములవారు ఒకప్పుడు సంస్కృతాంధ్రములు చదివినవారికి ఉభయభాషాప్రవీణ బిరుదమిచ్చుచుండిరి. పుట్టినింటి భాషను మూటగట్టుకొని వచ్చి, మెట్టినింటి భాషను గురువు లేక, గ్రంథము లేక, అపశబ్దము దొరలినచో క్షమించువారు లేక నేర్చి, రెండింటను సమర్థతతో వ్యవహరించు మన ఆడువారికి ఆ బిరుదము ఏనాడో రావలసియుండెను. మగవానికి పత్రిక చాటునుండి వెలువడు ‘ఊఁ’ అను ఏకాక్షరము తప్ప వేరు వాఙ్మయము లేదు. దానికి కూడ అర్థము ఆమెయే చెప్పుకొనవలెను. నా మిత్రుడొకడు ఆ యక్షరమును అజాగ్రత్తగ ప్రయోగించి, అత్తగారిని కాశీయాత్రకు తీసికొనిపోవుటకు తా నొప్పుకొన్న సంగతి రైలు టిక్కెట్లు చేతికి వచ్చిన తరువాతగాని ఎరుగడు. కాశికి పోయినవారు ఇష్టమైనది ఒకటి అక్కడ విడిచి రావలెనను ఆచారము కలదు గదా! ఆయన ‘ఊఁ’ను విడిచి వచ్చెను. ఇప్పుడు భార్య పలుకరించినప్పుడెల్ల పత్రిక దించి, కళ్ళజోడు తీసి, “మళ్ళీ ఒకసారి చెప్పు” అని అడుగుచున్నాడు.